పడమటికి పారే వాగు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను మాట్లాడవలసిన విషయం మన ఊళ్ళ వాగులు, వాటిని నమ్ముకొని బతికే పిట్టలూ జంతువులూ, వాటిని కాపాడే పనిలో ఆడవాళ్ళం మనం చేయగలిగింది. పొద్దున లేస్తే పాలు, పిల్లల టిఫిను డబ్బాలు, బట్టలు, మళ్ళీ రాత్రికి వంట. వీటితోనే తెల్లవారి వీటితోనే పొద్దుగూకే మనకు వాగులతోటీ మొసళ్ళతోటీ ఏం సంబంధమని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. అయితే ముందు ఒక్క ప్రశ్న. మీ వంటింటి తూములోంచి పోయే నీళ్ళు ఎక్కడికి పోతాయి? వీధి కాలువలోకి అంటారు. మరి ఆ వీధి కాలువ? అది ఎక్కడికో పోతుందిలెమ్మని అక్కడితో ఊరుకుంటాం. ఆ "ఎక్కడికో" అన్న చోటుకు ఒక పేరున్నది. ఆ పేరు తెలుసుకోవటంతోనే ఈ పని మొదలవుతుందని నా ఉద్దేశం.

జహీరాబాద్‌లో ఉన్న మాకు దగ్గరి వాగు నారింజ. మన తెలుగు దేశంలో నదులన్నీ తూర్పుముఖంగా సముద్రానికి పోతాయని చిన్నప్పుడు చదువుకున్నాం గదా. ఈ నారింజ మాత్రం కోహీరు వైపు పుట్టి, పుట్టింటికి అలిగి పోయిన పిల్లలాగా పడమటికి పారుతుంది. కొత్తూరు దగ్గర దానికి కట్ట వేసి చిన్న ప్రాజెక్టు చేశారు. ఆ కట్ట దాటి కర్ణాటకలో బీదర్ జిల్లాలోకి పోతుంది. అక్కడివాళ్ళు దాన్ని కారంజా అంటారు. భాల్కీ తాలూకాలో దాని మీద పెద్ద ఆనకట్టే ఉన్నది. ఆ తరువాత పోయి మంజీరలో కలుస్తుంది.

అసలు కథ ఇక్కడున్నది. మంజీర ఎక్కడో మహారాష్ట్రలో, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, మా న్యాల్‌కల్ మండలం దగ్గర మళ్ళీ మన నేల మీద అడుగు పెడుతుంది. అక్కడినుంచి సింగూరు. సింగూరు జలాశయంలో దాదాపు 30 టి.ఎం.సి.ల నీళ్ళు పడతాయి. అంటే మనం పడమటికి సాగనంపిన వాగు రెండు రాష్ట్రాలు తిరిగి, పేరు మార్చుకొని, మళ్ళీ మన ఇంటికే వస్తున్నదన్నమాట. మధ్యలో ఆనకట్టలున్నాయి, ఇంతదూరం వచ్చేసరికి మిగిలేదెంత అని ఇంజనీర్లు లెక్కలు చెప్పవచ్చు, అది నిజమే. వానలు బాగా పడి ఆనకట్టలు పొంగిన ఏడు మాత్రం ఆ లెక్కలేవీ పనికిరావు. హైదరాబాదు సోదరీమణులు కూడా ఇది మాకు పట్టని సంగతి అనుకోవద్దు. మీ నగరానికి మంజీర నీళ్ళు మొదటిదఫా వచ్చింది 1965లో, రెండోదఫా 1981లో. ఆ తరువాత 1991లో, 1993లో సింగూరునుంచి మరి రెండు దఫాలు తెచ్చారు. అంటే అరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఎన్ని వేల ఇళ్ళల్లో పప్పు ఉడికిందో, ఎన్ని వేల ఇళ్ళల్లో బియ్యం కడిగారో, అంతా ఈ నీటి చలవే.

ఇక ఆ నీళ్ళల్లో ఉండేవాళ్ళ సంగతి చెప్పాలి. సింగూరు ఆనకట్టనుంచి సంగారెడ్డి దగ్గరి మంజీర ఆనకట్ట దాకా నదిని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యమంటే పెద్ద పెద్ద చెట్లు, పులులు ఊహించుకోకండి. నది, నదిలో చిన్న చిన్న దిబ్బలు, ఒడ్డున తుమ్మచెట్లు, తుంగ. అక్కడ పెద్ద ముత్తయిదువ మొసలి. నేను వెటకారానికి అనటంలేదు. ఆడమొసలి ఎండాకాలం ముందు ఒడ్డున ఇసుకలోనో మెత్తటి మట్టిలోనో గొయ్యి తవ్వి ఇరవై, ముప్పై గుడ్లు పెట్టి, మళ్ళీ పూడ్చి, దాదాపు రెండు నెలలు దగ్గర్లోనే కాపలా ఉంటుంది. లోపలి పిల్లలు కూతలు పెట్టినప్పుడు అది విని గొయ్యి తవ్వి, ఒక్కొక్క పిల్లనూ ఆ భయంకరమైన నోటితోనే సుతారంగా పట్టుకొని నీళ్ళల్లో వదులుతుంది. ఇంకో వింత ఏమిటంటే, గుడ్డులోంచి వచ్చేది ఆడా మగా అన్నది ఆ గొయ్యిలోని వేడినిబట్టి నిర్ణయమవుతుందట. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుంది. అందుచేత ఒడ్డున ఇసుక తోడేస్తే పోయేది ఇసుక ఒక్కటే కాదు. అది ఆ తల్లి పురుటిగది.

ఇసుక వల్ల ఇంకొక పని ఉన్నది. వానాకాలపు నీటిని స్పంజిలాగా తనలో దాచుకొని, సంక్రాంతి దాటాక కూడా వాగును సన్నగా పారించేది ఆ ఇసుకే. ఇసుక లారీ ఎక్కిన వాగు ఎందుకు ఎండిపోయిందో పక్క రైతు బావిని అడిగితే చెబుతుంది.

పిట్టల్లో నీటికాకులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తలు తినే నత్తగుల్ల కొంగలు, తెడ్డులాంటి ముక్కుతో నీళ్ళు అటూ ఇటూ కలిపి చేపలు వెతుక్కునే తెడ్డుమూతి కొంగలు అన్నీ మంజీరలో ఉంటాయి. చలికాలంలో ఉత్తర దేశాలనుంచి బాతులు వస్తాయి. వీటిలో కొన్నింటిని ఊరి చెరువులోనే చూడవచ్చు. చూడగలిగే కన్ను ఉండాలి, అంతే.

ఇంతకూ వాగుకు మనవల్ల జరిగే చెరుపు ఏమిటి? పరిశ్రమల వాళ్ళ సంగతి, పురపాలక సంఘాల సంగతి పేపర్లలో వస్తూనే ఉంటుంది. వాళ్ళను నిలదీయవలసిందే. నేను వంటింటి వైపు చెబుతాను. మనం బట్టలకు వాడే కొన్ని సబ్బుపొడుల్లో ఫాస్ఫేటు అనే పదార్థం ఉంటుంది. అది నీటిలో కలుపు మొక్కలకు మంచి ఎరువు. చెరువుల మీద పచ్చటి దుప్పటి కప్పినట్లు గుర్రపు డెక్క అల్లుకొని ఉంటుందే, దాన్ని పెంచి పోషిస్తున్నది మన మురుగే. దుప్పటి కింద నీటికి వెలుతురు అందదు, గాలి అందదు. చేపలు ఉక్కిరిబిక్కిరై తేలుతాయి. చేపలు లేనిచోట లకుముకి పిట్టకు ఏం పని? నీళ్ళు నిలిచిన ఆ డెక్కలో దోమలకు మాత్రం పండగ. ఆ దోమలు సాయంత్రానికి మన ఇంటికే వస్తాయి. పొడి కాస్త తగ్గించి వేస్తే బట్టలు తెల్లబడవా? నేను వేసి చూశాను, భేషుగ్గా తెల్లబడతాయి. డబ్బా మీద రాసిన కొలత అమ్మేవాడి కొలత సుమా.

వినాయకచవితికి ప్లాస్టరు బొమ్మలు వద్దని ఏటేటా చెబుతూనే ఉన్నారు. ప్లాస్టరు మట్టిలాగా కరగదు, రంగులేమో నీళ్ళపాలు. పిల్లలతో మట్టి వినాయకుణ్ణి చేయిస్తే ఖర్చు లేదు, పైగా ఒక పూట వాళ్ళు టెలివిజను చూడకుండా ఉంటారు.

ఇప్పుడు నేర్చుకోవటం అనే మాటకు వస్తాను. చదువుకున్న మనం పల్లెకు వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకు పరిశుభ్రత గురించి, చెట్ల గురించి చెప్పి రావటాన్నే సేవ అనుకుంటూ ఉంటాం. జహీరాబాద్ చుట్టుపక్కల మాత్రం సంగతి తలకిందులుగా ఉన్నది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఏర్పడింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023లో కాలం చేశారు. ఆ సంస్థ వెనక ఉన్న అసలు బలం ఊరూరా ఏర్పడ్డ మహిళా సంఘాలు. ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలి చేసుకొని బతికినవాళ్ళు, చాలామందికి అక్షరం రాదు. వాళ్ళు చేసిన పనులు చూస్తే మన మహిళా మండళ్ళు సిగ్గుపడాలి.

బీడుపడ్డ భూముల్ని మళ్ళీ సాగులోకి తెచ్చారు. ఊళ్ళ పక్కన బోడిగా మిగిలిన సర్కారు నేలల్లో చెట్లు పెంచి అడవులు చేశారు, మందుమొక్కలతో సహా. మెట్టమీద చెట్టు ఉంటే వాన నీరు పరుగెత్తదు, నేలలోకి ఇంకి నిదానంగా వాగుకు చేరుతుంది. వాగును కాపాడటం వాగు దగ్గర కాదు, మెట్టమీద మొదలవుతుందని వాళ్ళు పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఇక పంటలు. కొర్రలు, సామలు, తైదలు, జొన్నలు, కందులు, పెసలు ఒకే చేలో కలిపి వేస్తారు. యాసంగిలో బోరునీళ్ళు పెట్టకుండా, నేలలో మిగిలిన పదునుకూ రాత్రి మంచుకూ పండే జొన్న, శనగ, కుసుమ లాంటి వాటిని వాళ్ళు "సత్యం పంటలు" అంటారు. ఎంత చక్కని పేరో చూడండి. పక్కనే చెరుకుతోటలు బోర్లకొద్దీ నీళ్ళు తాగుతుంటే, ఈ సత్యం పంటలు వాగు వాటా వాగుకే వదిలేస్తున్నాయి. విత్తనాలు బుట్టల్లో బూడిదా వేపాకూ కలిపి దాచుకొని, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. ఏటా సంక్రాంతి తరువాత ఎడ్లబండ్లను అలంకరించి, ఆ విత్తనాలను ఊరూరా ఊరేగించే పాత పంటల జాతరను మీలో కొందరు చూసే ఉంటారు. ఈ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

రేడియోలో మాట్లాడుతున్నాను గనక రేడియో సంగతి చెప్పకపోతే బాగుండదు. ఈ స్త్రీలకు తమ మాట తామే వినిపించుకోవాలని కోరిక. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. యునెస్కో సాయంతో యంత్రాలు సమకూరాయి. అనుమతి మాత్రం రాలేదు. అయినా చేతులు ముడుచుకొని కూర్చోక, కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి, సంఘాల సమావేశాల్లో వేసి వినిపించారు. ఏళ్ళకు ఏళ్ళు అట్లాగే గడిచాక, 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. మైకు పట్టిందీ, మీటలు నొక్కిందీ ఊరి ఆడపిల్లలే. ఏ ఆకు దేనికి మందు, ఏ విత్తు ఏ నేలకు, పాత పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే. నావంటి పుస్తక భాష అక్కడ పనికిరాదు.

వాళ్ళ చదువు ఎటువంటిదో నాకు బజారులో తెలిసింది. వానాకాలంలో మా ఊరి అంగడికి పల్లెలనుంచి అవ్వలు ఆకుకూరలు తెస్తారు. విత్తకుండా వాటంతట అవి మొలిచే కూరలు ఈ ప్రాంతంలో 80 రకాలకు పైగా ఉన్నాయని ఆ సంఘాల స్త్రీలే లెక్క తేల్చారు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గునుగు, గంగవాయిలి, పొన్నగంటి ఇట్లా. ఒకరోజు "పొన్నగంటి లేదా అవ్వా? వాగొడ్డున బోలెడు ఉంటుంది గదా" అన్నాను.

"ఊరికింది వాగుల పొన్నగంటి మేం తినం బిడ్డా, మీకూ అమ్మం. మీదికెల్లి తెంపుకస్తం. గింత దూరం నడిచేటియాల్లకు ఇయ్యాల యాల్లయింది, తేలేదు" అన్నది.

ఊరికి పైన వాగు వేరు, ఊరికి కింద వాగు వేరు. ఏ మోరీ ఎక్కడ కలుస్తుందో, ఎక్కడినుంచి ఆకు తినరానిది అవుతుందో ఆమెకు గజాలతో సహా తెలుసు. ఏ ప్రయోగశాల రిపోర్టూ ఆమె చేతికి రాలేదు. తన బేరం పోయినా సరే, ఆ ఆకు నా గిన్నెలోకి రాకుండా ఆపింది. స్వచ్ఛంద సేవ అనే పెద్దమాటకు దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇటువంటి తెలివిని రాసి పెట్టటానికి మన దేశంలో ఒక చట్టమే ఉన్నదని చాలామందికి తెలియదు. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో, ప్రతి మునిసిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరివాళ్ళను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అనే పుస్తకం తయారుచేయాలి. ఊళ్ళో ఏ చెట్లు, ఏ పిట్టలు, ఏ చేపలు, ఏ కూరలు, ఏ వాగు, ఏ కుంట, ఏ మందు ఎవరికి తెలుసు అన్నీ అందులో ఎక్కాలి. 2004లో చేసిన నిబంధనల్లో ఆ కమిటీ సభ్యుల్లో మూడోవంతుకు తక్కువ కాకుండా స్త్రీలు ఉండాలని కూడా రాశారు. మీ ఊరి మునిసిపాలిటీకి నలుగురు కలిసి వెళ్ళి, "మా ఊరి రిజిస్టరు చూపించండి" అని అడగండి. ఒక్కరే వెళితే గుమాస్తా రేపు రమ్మంటాడు. నలుగురు వెళితే కుర్చీ వేస్తాడు. పుస్తకం ఉంటే అందులో మీ వాగు పేరు ఉన్నదా, బతుకమ్మకు కోసే తంగేడు, గునుగు ఉన్నాయా చూడండి. లేకపోతే ఎక్కించమనండి.

బతుకమ్మ మాట వచ్చింది గనక ఒకమాట. గునుగు చేలల్లో దానంతట అది మొలిచే మొక్క. కలుపుమందు కొట్టిన చేలో అది ఉండదు. ఇదివరకు పిల్లలు పొద్దున్నే వెళ్ళి మోపులకొద్దీ కోసుకొచ్చేవారు. ఇప్పుడు పట్నాల్లో కట్ట ఇంత అని బేరమాడి కొంటున్నాం. పూలు కొనుక్కోవచ్చు. బతుకమ్మను సాగనంపటానికి చెరువును ఎక్కడ కొంటాం? తొమ్మిది రోజులు ఆడిపాడి చివరికి ముక్కు మూసుకొని మురికిగుంటలో వదిలి వస్తున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి.

మనం ఏం చేయాలి అంటే, ఒక ఆదివారం చీపుళ్ళు పట్టుకొని ఫోటోలు దిగటం మాత్రం కాదు. దానివల్ల నష్టం లేదుగానీ సోమవారం నాటికి అంతా మామూలే. పాలవాడు ఏ రోజు ఎన్ని పోశాడో క్యాలెండరు మీద గీతలు గీసుకునే అలవాటు మనకు ఉన్నది గదా. వాగుకు కూడా అట్లాంటి పద్దు ఒకటి పెట్టండి. నలుగురు ఇరుగుపొరుగు కలిసి ఒకే చోటుకు, వారంలో ఒకే రోజున వెళ్ళాలి. నీటి రంగు, వాసన, ఎంత లోతు, చచ్చిన చేపలేమైనా ఉన్నాయా, ఏ పిట్టలు ఎన్ని, ఎవరు ఏం పారబోస్తున్నారు – తారీఖు వేసి రాయాలి. "వాగు పాడైపోయింది" అని అర్జీ పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. "ఫలానా నెలనుంచి ప్రతి శుక్రవారం పొద్దున నీళ్ళు ఎర్రగా మారుతున్నాయి, మూడు వారాలు చేపలు తేలాయి" అని తారీఖులతో రాసిన నోటుబుక్కు ముందుపెడితే కాలుష్య నియంత్రణ మండలివాళ్ళయినా జవాబు చెప్పక తప్పదు. ఉత్తరాదిన 1974లో రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి స్త్రీలు చెట్లను కావలించుకొని కాంట్రాక్టరు మనుషులను వెనక్కి పంపిన కథ మీకు తెలుసు. ఆ రోజు మగవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ చెట్లు ఏవో, ఎక్కడివో, అవి పోతే ఏ వాలు జారుతుందో ఆ ఆడవాళ్ళకు ముందే తెలిసి ఉండబట్టే అంత గట్టిగా నిలబడగలిగారు.

పిట్టలను గుర్తుపట్టటం ఎవరు నేర్పుతారంటారా? హైదరాబాదులో 1980నుంచీ పక్షిప్రియుల సంఘం ఒకటి పనిచేస్తున్నది. జనవరి నెలలో దేశమంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. ఇది 1987లో మొదలైంది, చేసేదంతా జీతంలేని ఔత్సాహికులే. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ఇంటి పెరట్లో, డాబా మీద పావుగంట నిలబడి కనిపించిన పిట్టలను లెక్కబెట్టే కార్యక్రమం కూడా ఉన్నది. వడియాలు పెట్టేటప్పుడు కాకులను తోలటానికి ఎట్లాగూ కూర్చుంటాం, ఆ పావుగంటలోనే ఇదీ అయిపోతుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. మన రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరానాడు ఒక్కరోజు వెతుక్కోవటం కాకుండా, మిగిలిన రోజుల్లో అది ఏ తీగమీద కూర్చుంటుందో వాళ్ళు చెప్పగలగాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. జంతువులమీద ప్రేమ పట్నంలో కూర్చుంటే సులభం. న్యాల్‌కల్ వైపు కృష్ణజింకలు అందంగా గంతులేస్తాయి. అవే జింకలు మొలక దశలో ఉన్న చేనులో పడితే రైతు ఇంట్లో ఆ ఏడాది గాసమే పోతుంది. 1972 చట్టం ప్రకారం జింకమీద చెయ్యి వేయరాదు. మంచిదే. కానీ జింకను కాపాడమని చెప్పే నోటితోనే, ఆ రైతుకు నష్టపరిహారం వేళకు ఇమ్మని కూడా మనం అడగాలి. అట్లాగే మొసళ్ళు ఉన్న రేవుల్లో బట్టలు ఉతకటానికీ గొర్రెలు కడగటానికీ దిగేది ఎవరు? ఇంట్లో కుళాయి లేనివాళ్ళు. వాళ్ళకు ఒడ్డుకు పైన ఒక చేతిపంపు వేయిస్తే అటు మొసలికీ ఇటు మనిషికీ క్షేమం. రేవుకు వెళ్ళే ఆడవాళ్ళను అడక్కుండా మొసళ్ళ గురించి తీర్మానాలు చేసే సభకు నన్ను పిలిస్తే నేను వెళ్ళను.

పోయే ముందు కొత్తూరు కట్టమీదికి వెళ్ళాలనుకునే జహీరాబాద్ సోదరీమణులకు రెండు మాటలు. దుర్భిణి నలుగురికి ఒకటి చాలు. ముదురు రంగు చీరలు కట్టుకోండి, తెల్లచీర చూస్తే కొంగలు దూరం జరుగుతాయి. ఘుమఘుమలాడే పూలు, గాజుల గలగలలు ఆ పూటకు ఇంట్లో పెట్టి రండి. నీళ్ళు తూర్పు వైపు పరచుకొని ఉంటాయి గనక పొద్దున వెళితే ఎండ సూటిగా కళ్ళల్లో పడి ఏమీ కనిపించదు. సాయంత్రం వెళ్ళండి, సూర్యుడు మీ వీపువెనక ఉంటాడు. వచ్చి వంట చేసుకోవటానికి వేళ మిగులుతుంది.

సెలవు.